వెండి పలక మీద ఎవరున్నారు?

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అనగానే మనకు తారలూ, స్టూడియోలూ, షూటింగులూ గుర్తుకు వస్తాయి గాని రసాయనశాస్త్రం గుర్తుకు రాదు. అయితే సినిమా ఫిలిం మీద నడిచినన్నాళ్ళూ అది వెండిని నమ్ముకొని బతికిన పరిశ్రమే. "వెండితెర" అని మనం అలవాటుగా అంటూ ఉంటాం. తెర సంగతి ఎలా ఉన్నా, ఫిలింలోని వెండి మాత్రం అక్షరాలా నిజం. ఆ వెండిని అడ్డం పెట్టుకొని, బి.ఎస్‌సి. విద్యార్థికి కూడా అందేటట్లుగా, ఎలక్ట్రో కెమిస్ట్రీలోని ఒక చక్కని అధ్యాయాన్ని పరిచయం చేయాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. లోహపు ఎలక్ట్రోడ్ల మీద అంటుకొని ఉన్న అణువులను పరారుణ కాంతితో గుర్తుపట్టడం ఆ అధ్యాయం పేరు.

హైపో తొట్టిలో వెండి

తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసు నుంచి మెల్లమెల్లగా హైదరాబాదుకు తరలి వచ్చిన చరిత్ర మనకు తెలిసినదే. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ వెలిసింది. 1980లలో ఫిల్మ్‌నగర్ రూపు దిద్దుకుంది. మద్రాసులోనూ, ఆ తర్వాత హైదరాబాదులోనూ నడిచిన ఫిలిం ల్యాబుల్లో జరిగిన రసాయన క్రియ ఒక్కటే. ఫిలిం మీద పూసిన జిలాటిన్‌లో సిల్వర్ బ్రోమైడ్ రేణువులు ఉంటాయి. వెలుతురు తగిలిన రేణువులు డెవలపర్‌లో నల్లని వెండిగా మారతాయి. వెలుతురు తగలని రేణువులను హైపో, అనగా సోడియం థయోసల్ఫేట్, కరిగించి తీసుకుపోతుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిలింలో కొంత వెండి బొమ్మగా మిగులుతుంది. కలర్ ఫిలింలో అదీ లేదు. రంగులు ఏర్పడిన తర్వాత బొమ్మలోని వెండిని కూడా బ్లీచ్ చేసి కడిగేస్తారు. చివరకు ప్రేక్షకుడు చూసేది రంగులనే. వెండి అంతా తొట్టిలోకే!

అంత విలువైన లోహాన్ని మురుగుకాలవ పాలు చేయరు కదా! తొట్టిలో రెండు ఎలక్ట్రోడ్లు ముంచి కరెంటు పంపితే, థయోసల్ఫేట్‌తో కలిసి ఉన్న వెండి అయాన్ కాథోడ్ దగ్గర ఒక ఎలక్ట్రాన్ పుచ్చుకొని లోహమై పలకకు అంటుకుంటుంది. ఫారడే నియమం ప్రకారం 96,500 కూలుంబులకు 108 గ్రాముల వెండి రావాలి. అంటే ఒక ఆంపియర్ కరెంటు ఒక గంట ప్రవహిస్తే సుమారు 4 గ్రాములన్నమాట. 2013లో ఫ్యూజీఫిల్మ్ సంస్థ సినిమా ఫిలిం తయారీ మానుకుంది. అదే కాలంలో మన సినిమా కూడా డిజిటల్‌కు మారిపోయింది. తొట్టెలు ఎండిపోయినా ఆ లెక్క మాత్రం ఎండిపోలేదు. ఎందుకో చూద్దాం.

అమ్మీటరు చెప్పేదెంత?

నేను ఈ పాఠం చెప్పినప్పుడల్లా క్లాసులో ఎవరో ఒకరు లేచి, "అమ్మీటరు చూపిస్తూనే ఉంది కదా సార్, ఇంకేం కావాలి?" అని అడుగుతూ ఉంటారు. మంచి ప్రశ్నే. అయితే ఆంపియర్ గంటకు 4 గ్రాములు రావలసిన చోట 3 గ్రాములే వచ్చిందనుకోండి. మిగతా ఎలక్ట్రాన్లు ఎక్కడికి పోయాయి? అమ్మీటరు ఎలక్ట్రాన్లను లెక్కపెడుతుంది గాని, వాటిని ఎవరు పుచ్చుకున్నారో చెప్పదు. హైపో తొట్టిలో ఈ ప్రమాదం నిజంగానే ఉంది. కరెంటు మరీ ఎక్కువ పెట్టినా, ద్రావణంలో వెండి అడుగంటిపోయినా, థయోసల్ఫేట్ తానే ఎలక్ట్రాన్లు తీసుకొని సల్ఫైడ్‌గా విడిపోతుంది. అప్పుడు మెరిసే వెండికి బదులు సిల్వర్ సల్ఫైడ్ నల్లని మడ్డి తయారవుతుంది. కుళ్ళిన కోడిగుడ్ల వాసన కూడా వేస్తుంది. అమ్మీటరు ముల్లు మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడే ఉంటుంది!

ఇక్కడ మడ్డి కంటికి కనబడింది, వాసన ముక్కుకు తెలిసింది కాబట్టి సరిపోయింది. కాని చాలా ఎలక్ట్రోడ్ల మీద కథ అంతా ఒకే ఒక అణువు మందాన ఉన్న పొరలో నడుస్తుంది. ద్రావణంలోని అణువులు వచ్చి లోహపు ఉపరితలానికి అంటుకొని ఉండడాన్నే అధిశోషణం అంటాం. ఆ పొరలో ఉన్నది ఫలానా అణువు అని ఎలా తెలుసుకోవడం? కరెంటు, వోల్టేజీ ఎంత కొలిచినా మనకు దొరికేది సంఖ్యే. పేరు తెలియాలంటే వేరే సాక్షి కావాలి.

బంధాల గొంతు

అణువులోని బంధం ఒక స్ప్రింగు వంటిది. రెండు చివర్లా ఉన్న పరమాణువులు ఎంత తేలికైతే, స్ప్రింగు ఎంత బిగుతైతే, అంత వేగంగా కంపిస్తుంది. ఆ వేగం పరారుణ కాంతి పౌనఃపున్యంతో సరిపోయినప్పుడు అణువు ఆ కాంతిని మింగుతుంది. రసాయనవేత్తలు దీనిని తరంగ సంఖ్యలో, అంటే ఒక సెంటీమీటరు పొడవులో ఎన్ని తరంగాలు ఇముడుతాయో ఆ లెక్కలో చెబుతారు. కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు ఈ సంఖ్య 2143. కంఠం విని మనిషిని పోల్చినట్టే, ఈ సంఖ్యను చూసి బంధాన్ని పోల్చవచ్చు.

అదే కార్బన్ మోనాక్సైడ్ ప్లాటినం మీద అంటుకుంటే గొంతు మారుతుంది. ఒకే ప్లాటినం పరమాణువు మీద నిటారుగా నిలబడితే సుమారు 2070 దగ్గరా, రెండు పరమాణువుల మధ్య వంతెనలాగా కూర్చుంటే 1850 దరిదాపుల్లోనూ పట్టీ కనబడుతుంది. ఎందుకని? లోహం తన ఎలక్ట్రాన్లలో కొన్నింటిని అణువులోని ప్రతిబంధక ఆర్బిటాల్‌లోకి నెడుతుంది. దానితో కార్బన్, ఆక్సిజన్‌ల మధ్య స్ప్రింగు కొంచెం వదులవుతుంది. కాబట్టి ఒక్క పట్టీ చూసి అణువు పేరే కాదు, అది ఏ భంగిమలో కూర్చున్నదో కూడా చెప్పవచ్చు.

మూడు అడ్డంకులు

ఇంత తేలికైతే ఈ పని ఎప్పుడో జరిగిపోయేది. అడ్డంకులు మూడు.

మొదటిది నీరు. పరారుణ కాంతికి నీటిని మించిన శత్రువు లేదు. 3400 దగ్గరా, 1640 దగ్గరా నీరు కాంతిని విపరీతంగా మింగేస్తుంది. ఎలక్ట్రోడేమో నీటిలోనే ఉండాలి!

రెండవది సంఖ్యాబలం. ఒక చదరపు సెంటీమీటరు లోహం మీద పట్టే అణువులు, గట్టిగా పేర్చినా, సుమారు ఒకటి పక్కన పదిహేను సున్నాలు. దానిపై ఒక మిల్లీమీటరు మందాన నీరున్నదంటే ఆ నీటి అణువులు అంతకు 30 లక్షల రెట్లకు పైగా ఉంటాయి. జాతరలో తప్పిపోయిన పిల్లవాణ్ణి వెతకడం ఇంతకన్నా నయం.

మూడవది కాంతి గుణం. లోహం అద్దం వంటిది. దాని మీద పడిన కాంతి ఏ దిశలో కంపిస్తున్నదో దాన్ని బట్టి ఉపరితలం దగ్గర బలపడుతుంది, లేదా సున్నా అయిపోతుంది.

మొదటి అడ్డంకికి ఉపాయం నీటి పొరను పలుచన చేయడం. అద్దంలా పాలిష్ చేసిన ఎలక్ట్రోడ్‌ను కాల్షియం ఫ్లోరైడ్ కిటికీకి దాదాపు ఆనించి నొక్కుతారు. మామూలు ప్రాక్టికల్స్‌లో వాడే ఉప్పు బిళ్ళలు నీటిలో కరిగిపోతాయి కాబట్టి ఇక్కడ పనికిరావు. మధ్యన మిగిలే నీరు ఒకటి రెండు మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, రెండు వేయో వంతులు. అప్పుడు కూడా ప్రతి అధిశోషిత అణువుకూ మూడు వేలకు పైగా నీటి అణువులు అడ్డం ఉంటాయి. మనం వెతికే మార్పు పరావర్తనం చెందిన కాంతిలో వెయ్యో వంతు, ఒక్కొక్కప్పుడు అంతకన్నా తక్కువ. మరి దానిని ఎలా పట్టడం?

ద్విపాత్రాభినయం కిటుకు

ఇక్కడ మన సినిమా వాళ్ళ కిటుకు ఒకటి జ్ఞాపకం చేసుకుందాం. తర్వాతి కాలంలో ఫిల్మ్‌నగర్‌లో స్టూడియో కట్టిన డి. రామానాయుడు 1964లో "రాముడు భీముడు" నిర్మించారు. అందులో ఎన్.టి. రామారావుగారిది ద్విపాత్రాభినయం. ఫిలిం రోజుల్లో ఇద్దరినీ ఒకే ఫ్రేములో చూపాలంటే మాస్క్ షాట్ తీసేవారు. కెమెరాలో సగం మూసి ఒక పాత్రను, ఆ మీదట రెండో సగం మూసి మరో పాత్రను అదే ఫిలిం మీద తీస్తారు. షరతు ఒక్కటే. ఈ రెండు సార్లకూ మధ్య కెమెరా వెంట్రుకవాసి కూడా కదలకూడదు. సెట్టు మారకూడదు. మారవలసింది నటుడొక్కడే.

మన ప్రయోగం కూడా అంతే. ఎలక్ట్రోడ్‌ను ఒక పొటెన్షియల్ దగ్గర ఉంచి వర్ణపటం తీస్తాం. ఏదీ కదపకుండా పొటెన్షియల్ మాత్రం మార్చి మరొకటి తీస్తాం. సినిమా వాళ్ళు రెండింటినీ కలుపుతారు, మనం ఒకదానిలోంచి మరొకటి తీసివేస్తాం. రెండింటిలోనూ మారకుండా ఉన్న నీరు, కిటికీ, గాలిలోని తేమ అన్నీ కొట్టుడుపడిపోతాయి. పొటెన్షియల్‌తో మారినదే మిగులుతుంది.

ఈ పద్ధతిని 1980 ప్రాంతంలో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో అలాన్ బ్యూయిక్, ఆయన సహచరులు కునిమాత్సు, పాన్స్ ప్రభృతులు సాధించి చూపారు. వారు మొదట చేసినది మరీ చమత్కారం. పొటెన్షియల్‌ను సెకనుకు కొన్నిసార్లు అటూ ఇటూ మారుస్తూ, వచ్చిన కాంతిలో ఆ తాళానికి అనుగుణంగా ఊగే భాగాన్ని మాత్రమే ఎలక్ట్రానిక్ పరికరంతో ఏరుకున్నారు. భజనలో ఎంత గోల ఉన్నా తాళం తప్పని గొంతును చెవి పట్టుకుంటుంది చూడండి, అటువంటిదే. తర్వాత ఫోరియర్ పరివర్తన పద్ధతి మీద నడిచే ఎఫ్.టి.ఐ.ఆర్. యంత్రాలు వచ్చాక, రెండు పొటెన్షియల్‌ల దగ్గరా వందల స్కాన్లు కూడి తీసివేయడం సులువైంది.

తీసివేతలో ఒక మెలిక ఉంది. కార్బన్ మోనాక్సైడ్ వంటి అణువు రెండు పొటెన్షియల్‌ల దగ్గరా ఉపరితలం మీదనే ఉండి, పట్టీ స్థానం మాత్రం జరిగితే, ఫలితం ఒక గుట్ట పక్కన ఒక గుంటలాగా కనిపిస్తుంది. ప్లాటినం మీద ఈ జరుగుడు ఒక వోల్టుకు సుమారు 30 తరంగ సంఖ్యలు. ఎలక్ట్రోడ్‌ను ధనాత్మకం చేసేకొద్దీ పట్టీ పైకి జరుగుతుంది. వోల్టు చిన్నదే గాని అది పడేది కొద్ది ఆంగ్‌స్ట్రాముల దూరంలో కాబట్టి, అక్కడి విద్యుత్ క్షేత్రం మీటరుకు వంద కోట్ల వోల్టుల స్థాయిలో ఉంటుంది. స్ప్రింగు బిగుతు మారడంలో ఆశ్చర్యమేముంది?

అద్దం చెప్పే నియమం

ఇక మూడవ అడ్డంకి. లోహం పైన ఒక ధనావేశం ఉంచితే లోపల దాని ప్రతిబింబం రుణావేశంగా ఏర్పడుతుంది. ఇప్పుడు ఒక ద్విధ్రువం ఉపరితలానికి సమాంతరంగా పడుకొని కంపిస్తే, ప్రతిబింబం తలకిందులై దానిని రద్దు చేస్తుంది. నిటారుగా నిలబడి కంపిస్తే ప్రతిబింబం దానికి తోడవుతుంది. అందుచేత ఉపరితలానికి లంబంగా ద్విధ్రువాన్ని మార్చే కంపనాలే వర్ణపటంలో కనబడతాయి. దీన్నే ఉపరితల వరణ నియమం అంటారు. కాంతి విషయంలోనూ ఇంతే. పతన తలంలో కంపించే ధ్రువిత కాంతి ఏటవాలుగా పడినప్పుడు మాత్రమే ఉపరితలంలోని అణువును పలకరించగలదు. దానికి లంబంగా కంపించే కాంతికి ఆ అణువు కనబడనే కనబడదు. 1966లో గ్రీన్లర్ ఈ లెక్క వేసి చూపాడు.

అడ్డంకి అనుకున్నది ఇక్కడ ఆయుధమైంది. మొదటి రకం కాంతి ద్రావణాన్నీ, ఉపరితలాన్నీ రెండింటినీ చూస్తుంది. రెండో రకం ద్రావణాన్ని మాత్రమే చూస్తుంది. రెండింటినీ పోల్చితే ఎవరు అంటుకున్నవారో, ఎవరు తేలుతున్నవారో తేలిపోతుంది. విద్యార్థులు ఒక హెచ్చరిక కూడా గుర్తుంచుకోవాలి. పట్టీ కనబడకపోతే అణువు లేదని అర్థం కాదు. బంగారు ఎలక్ట్రోడ్ మీద పిరిడీన్, పొటెన్షియల్‌ను బట్టి, పడుకోగలదు, నైట్రోజన్‌ను లోహానికి ఆనించి నిలబడనూగలదు. పడుకున్నప్పుడు దాని తలంలోని కంపనాలు మౌనం వహిస్తాయి.

గిల్టు తొట్టి సాక్ష్యం

పౌరాణిక చిత్రాల కిరీటాలూ, భుజకీర్తులూ గిల్టువే కదా! వెండిపూత వేసే తొట్టిలో ఎక్కువగా వాడేది సయనైడు ద్రావణం. అది ప్రాణాంతకం కాబట్టి కాలేజీ ల్యాబులో ఎవరూ తలపెట్టకూడదు. పరిశోధకులు తగిన జాగ్రత్తలతో వెండి ఎలక్ట్రోడ్ మీద దీనిని పరీక్షించారు. కార్బన్ నైట్రోజన్ బంధానికి మూడు పట్టీలు దొరికాయి. 2080 దగ్గరది నీటిలో స్వేచ్ఛగా తిరిగే సయనైడు. 2136 దగ్గరది వెండితో కలిసి ద్రావణంలో ఉన్న సంక్లిష్ట అయాన్. ఈ రెంటికీ నడుమ 2110 ప్రాంతంలో ఉన్నది వెండి పలకకు అంటుకున్న సయనైడు. మొదటి రెండూ పొటెన్షియల్ మార్చినా చోటు మారవు, రెండు రకాల కాంతికీ కనబడతాయి. మూడవది పొటెన్షియల్‌తో పాటు జరుగుతుంది, ఒక రకం కాంతికే కనబడుతుంది. అమ్మీటరు ఒక్క సంఖ్యగా చెప్పినదాన్ని వర్ణపటం ముగ్గురు మనుషులుగా విడదీసి చూపించిందన్నమాట.

ప్లాటినం మీద విషం

ఈ పద్ధతి విలువ అందరికీ తెలిసివచ్చినది ఇంధన ఘటాల దగ్గర. మిథనాల్‌ను ప్లాటినం మీద ఆక్సీకరణం చేసి కరెంటు తీయవచ్చు. కాని కాసేపటికే కరెంటు పడిపోతుంది. ఏదో ఒక పదార్థం ఉపరితలాన్ని ఆక్రమించుకొని ఉత్ప్రేరకానికి విషంలాగా పరిణమిస్తున్నదని అందరూ ఒప్పుకున్నారు. ఆ పదార్థమేది? హైడ్రోజన్ ఇంకా మిగిలి ఉన్న శకలమని కొందరు, ఉత్త కార్బన్ మోనాక్సైడ్ అని మరికొందరు వాదించుకున్నారు. ఎలక్ట్రాన్లను లెక్కపెట్టి ఏళ్ళ తరబడి వాదించినా వాదం తెగలేదు. 1981లో బెడెన్, లామీ, బ్యూయిక్, కునిమాత్సులు పరారుణ వర్ణపటం తీసి చూస్తే, నిటారుగా నిలబడ్డ కార్బన్ మోనాక్సైడ్ పట్టీ ప్రధానంగానూ, వంతెన రూపం కొంతగానూ స్పష్టంగా కనబడ్డాయి. విషానికి పేరు దొరికింది.

పేరు దొరికితే విరుగుడు కూడా బోధపడుతుంది. ప్లాటినానికి రుథీనియం కలిపితే, అది నీటి నుంచి ఆక్సిజన్‌ను తక్కువ పొటెన్షియల్‌లోనే అందించి ఆ కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. వర్ణపటంలో ఒక వైపు మోనాక్సైడ్ పట్టీ తరిగిపోతూ, మరో వైపు 2343 దగ్గర డయాక్సైడ్ పట్టీ లేవడం కళ్ళారా చూడవచ్చు. హైడ్రోజన్‌తో నడిచే తక్కువ ఉష్ణోగ్రత ఘటాలలో సైతం పది లక్షల పాళ్ళలో పది పాళ్ళ కార్బన్ మోనాక్సైడ్ చాలు, ప్లాటినాన్ని కట్టిపడేయడానికి. హైడ్రోజన్ బండ్ల గురించి మాట్లాడుకునే ఈ రోజుల్లో ఇది పుస్తకాల ముచ్చట కాదు.

మన ఇంటి విద్యే

ఇదంతా పాశ్చాత్యుల విద్య, మనకెందుకు అనుకోనక్కరలేదు. అణువుల కంపనాలను కాంతితో చదవడంలో తెలుగువారి పాలు చిన్నది కాదు. సూరి భగవంతంగారు నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్ళి రామన్ దగ్గర పరిశోధనలో చేరారు. ఆ సంవత్సరమే రామన్ ఫలితం వెలుగు చూసింది. ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, వెంకటరాయుడుగారితో కలిసి, ఏ కంపనం ఏ కాంతికి కనబడుతుందో సమూహ సిద్ధాంతంతో తేల్చే గ్రంథం రాశారు. 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే దాన్ని ప్రచురించింది. 1950లలో ఆయన ఉస్మానియా ఉపకులపతిగా కూడా పనిచేశారు. పైన చెప్పిన ఉపరితల నియమాన్ని అర్థం చేసుకోవడానికి ఆ గణితమే మూలం.

మరొక విశేషం. 1974లో సౌతాంప్టన్‌లోనే ఫ్లైష్‌మన్, హెండ్రా, మెక్విలన్‌లు గరుకు చేసిన వెండి ఎలక్ట్రోడ్ మీద పిరిడీన్‌కు రామన్ వర్ణపటం సంపాదించారు. 1977లో ఇతరులు లెక్కకట్టి, ఆ సంకేతం ఉండవలసిన దానికన్నా లక్ష నుంచి పది లక్షల రెట్లు బలంగా ఉన్నదని గుర్తించారు. కారణం ఆ వెండి గరుకుదనంలోనే ఉంది. పరారుణంలోనూ పలుచని వెండి, బంగారు పొరలు పది నుంచి వంద రెట్లు బలం చేకూరుస్తాయని 1980 నుంచి తెలుస్తూ వచ్చింది. 1990లలో జపానులో ఒసావా సిలికాన్ పట్టకం మీద అటువంటి పొర పరచి, కాంతిని వెనక వైపు నుంచి పంపి, నీటి బెడద చాలావరకు తప్పించాడు.

మన కాలేజీల్లో వర్ణపటశాస్త్రం ఒక పేపరు, ఎలక్ట్రో కెమిస్ట్రీ ఇంకొక పేపరు. ఎఫ్.టి.ఐ.ఆర్. యంత్రం ఒక గదిలో, పొటెన్షియోస్టాట్ మరో గదిలో, తాళాలు ఇద్దరి చేతుల్లో! ఈ వ్యాసంలోని ప్రయోగాలన్నీ ఆ రెండు గదుల మధ్య తలుపు తీసినవాళ్ళు చేసినవే. దానికి ముందుగా కావలసింది లక్షల రూపాయలు కాదు. పాలిష్ చేసిన ఎలక్ట్రోడ్, కాల్షియం ఫ్లోరైడ్ కిటికీ, ఒక ధ్రువణకారి, గాజు పని తెలిసిన మనిషి ఉంటే, ఉన్న యంత్రాలకే ఘటం అమర్చవచ్చు. ప్రాజెక్టు కోసం విషయం వెతుక్కునే ఎం.ఎస్‌సి. విద్యార్థి ఒకరైనా ఈ వైపు వస్తే ఈ వ్యాసం ధన్యం. ఆ విద్యార్థి ప్రతి పట్టీకీ మూడు ప్రశ్నలు వేయాలి: పొటెన్షియల్ మారిస్తే జరుగుతుందా? ధ్రువణం మారిస్తే మాయమవుతుందా? కనబడనిది నిజంగా లేదా, పడుకొని ఉందా? ఈ మూడింటికీ జవాబు రాసుకున్న తర్వాతనే, పలక మీద ఉన్నది ఫలానా అణువని నోట్‌బుక్కులో పేరు రాయాలి.